ఆల్డ్రోవాండా జాడ తీయడం: ఒక అరుదైన నీటి మొక్క ఆవాసాన్ని చదివి, దాని ఉనికి ఎలా మారిందో పటం గీసే పద్ధతి

ఆల్డ్రోవాండా వెసిక్యులోసా దొరికిన చోటల్లా ప్రపంచ పటం మీద ఒక చుక్క పెట్టి, ఆ చుక్కలన్నీ లోపల పడేలా గీత గీస్తే ఇంత పెద్ద రాజ్యం ఏలే నీటి మొక్క ఇంకొకటి లేదనిపిస్తుంది. పోలండ్, ఉక్రెయిన్, డాన్యూబ్ డెల్టా, బోట్స్వానాలోని ఒకవాంగో, మన బెంగాల్, జపాన్, అటు ఆస్ట్రేలియా దక్షిణ తీరం దాకా వెళ్తుంది ఆ గీత. లోపలికి తొంగి చూస్తే మాత్రం దాదాపు అంతా ఖాళీయే. చరిత్రలో నమోదైన 379 చోట్లలో, 2012 నాటికి మొక్క బతికి ఉన్నట్టు ఖాయమైనవి 50. వాటిలోనూ మూడింట రెండు వంతులు పోలండ్, ఉక్రెయిన్‌లలోనే ఉన్నాయి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి.

ఇలాంటి మొక్క విషయంలో సరిహద్దు గీతను నమ్ముకుంటే మోసపోతాం. గీత జరగదు, లోపలి కుంటలు ఒక్కొక్కటే ఆరిపోతుంటాయి. ఆరిపోవడమంటే ఎండిపోవడం కాదు. చాలాచోట్ల నీళ్లు నిండుగా, పచ్చగా, చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటాయి, మొక్క మాత్రం ఉండదు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం నీటిని చదవడం గురించే. పటం గీయడం ఆ తర్వాత పని. బోటనీ విద్యార్థులు, పక్షుల్ని చూడ్డానికి చెరువుల వెంట తిరిగేవాళ్లు, తూర్పు భారతంలో ఉండే తెలుగువాళ్లు ఎవరైనా ఈ పని చేయొచ్చు. ఈ మొక్క కాకపోయినా ఏ అరుదైన నీటి మొక్కకైనా పద్ధతి ఇదే.

మెట్టు 1: ఒడ్డున కూర్చుని మొక్కను నేర్చుకోండి

ఆల్డ్రోవాండాకు వేర్లు లేవు. నీటి పైపొరకు కాస్త కింద, అడ్డంగా తేలుతూ ఉంటుంది. పొడవు సాధారణంగా ఒక వేలంత, బాగా పెరిగితే జానెడు. సన్నటి కాడ చుట్టూ బండి చక్రం ఆకుల్లా అయిదు నుంచి తొమ్మిది ఆకులు ఒక చుట్టుగా ఉంటాయి. అలాంటి చుట్లు పదిహేను దాకా వరసగా ఉంటాయి. ఇంగ్లిష్‌వాళ్లు దీన్ని వాటర్‌వీల్ ప్లాంట్ అనడం అందుకే. ప్రతి ఆకు చివరా రెండు రెక్కల చిన్న బోను, దాని చుట్టూ నాలుగైదు గట్టి ముళ్లలాంటి నూగు. బోను లోపల సున్నితమైన వెంట్రుకలు ఉంటాయి. డాఫ్నియాలాంటి చిన్న నీటి పురుగు వాటిని తాకితే సెకనులో పదో వంతు కూడా పట్టకుండా రెక్కలు మూసుకుంటాయి. వీనస్ ఫ్లైట్రాప్ కుటుంబమే ఇది, దానికి దగ్గరి చుట్టం. ఈ ప్రజాతిలో శిలాజాలుగా మాత్రమే తెలిసిన జాతులు చాలా ఉన్నాయి. ఇవాళ బతికున్నది ఇదొక్కటే.

దీన్ని చూసి పొరబడేది రెండు మూడు మొక్కల దగ్గర. మొదటిది యుట్రిక్యులేరియా. మన చెరువుల్లోనూ వానలయ్యాక పసుపు పూలతో తేలుతూ కనిపిస్తుంది. అదీ పురుగుల్ని తినేదే, అదీ వేర్లు లేనిదే. అయితే దాని ఆకులు దారాల్లా చీలి ఉంటాయి, ఆ దారాల మధ్య ఆవగింజకన్నా చిన్న సంచులు వేలాడుతుంటాయి. చక్రాల్లాంటి చుట్లు దానికి ఉండవు. రెండోది అక్వేరియం షాపుల్లో హార్న్‌వర్ట్ అని అమ్మే సెరటోఫిల్లం. దీనికి చుట్లు ఉంటాయి గానీ ఆకులు ముట్టుకుంటే గరుగ్గా, కొమ్ముల్లా చీలి ఉంటాయి, బోనులు ఉండవు. హైడ్రిల్లా అయితే అడుగున వేళ్లూనుకుని నిలబడుతుంది, ఆకులు మామూలు ఆకుల్లాగే ఉంటాయి. మొదటిసారి యుట్రిక్యులేరియా మందలో చేయి పెట్టినప్పుడు నేనూ ఎగిరి గంతేసినవాణ్నే. పది రూపాయల భూతద్దం తీసి చూశాక ఉత్సాహం చల్లారింది. కాబట్టి ముందు మీ ఊరి చెరువులో యుట్రిక్యులేరియానూ సెరటోఫిల్లాన్నీ కళ్లు మూసుకుని వేళ్లతో గుర్తుపట్టేదాకా సాధన చేయండి. అరుదైనదాన్ని గుర్తుపట్టాలంటే మామూలువి క్షుణ్నంగా తెలిసి ఉండాలి.

ఇంకో సంగతి గుర్తుంచుకుంటే తర్వాత బాగా పనికొస్తుంది. పరిస్థితులు బాగుంటే ఈ మొక్క కొసన రోజుకో కొత్త చుట్టు వేస్తుంది. దాదాపు అంతే వేగంతో వెనక కొస కుళ్లి రాలిపోతుంది. అంటే మీ చేతిలో ఉన్న పదిహేను చుట్ల మొక్క గడిచిన రెండు వారాల నీటి చరిత్ర. వెనకటి చుట్లలో పెద్ద బోనులు, ముందువాటిలో మరీ చిన్నవి లేదా అసలు బోనే లేని ఆకులు కనిపిస్తే, ఆ నీటికి ఈమధ్యే ఏదో అయిందని అనుమానించాలి.

మెట్టు 2: పాత రికార్డులు తవ్వండి

ఈ మొక్క శాస్త్రానికి మొదట తెలిసింది మన దేశం నుంచే. 17వ శతాబ్దం చివర లెనార్డ్ ప్లూకెనెట్ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్రవేత్త భారతదేశపు మొక్కగా దీన్ని నమోదు చేశాడు. 1747లో ఇటలీ మొక్కల ఆధారంగా గయెటానో మోంటి, ఉలిస్సే ఆల్డ్రోవాండి అనే పండితుడి పేరు దీనికి పెట్టాడు. 1753లో లినేయస్ ఆ పేరును ఇప్పుడు మనం రాసే రూపంలోకి తెచ్చాడు. తర్వాత మనకు కాస్త దగ్గరివాడు ఒకాయన వస్తాడు. సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి, కోరమాండల్ మొక్కలకు తెలుగు పేర్లతో సహా వివరాలు రాసి, 1793లో కలకత్తా తోటకు వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్. బెంగాల్ మొక్కను ఆయన ఆల్డ్రోవాండా వెర్టిసిల్లాటా అని వేరే జాతిగా వర్ణించాడు. ఇప్పుడది పర్యాయ నామం మాత్రమే. 1875లో డార్విన్ పురుగుల్ని తినే మొక్కల మీద పుస్తకం రాసినప్పుడు మన దేశం నుంచి వచ్చిన ఎండు నమూనాల్నీ పరిశీలించాడు.

ఈ కథంతా ఎందుకంటే, పాత పేరుతో వెతక్కపోతే పాత రికార్డు దొరకదు. జీబిఫ్ అనే అంతర్జాతీయ డేటా గనిలో, ఎండబెట్టిన మొక్కల్ని దాచే హెర్బేరియంలలో, అంటే హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియంలో, లండన్ క్యూ తోట హెర్బేరియంలో వెతికేటప్పుడు వెసిక్యులోసా, వెర్టిసిల్లాటా రెండు పేర్లూ పెట్టండి. దొరికిన ప్రతి రికార్డుకూ ఒక వరస కేటాయించి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, నమూనా ఉందా లేక మాట మాత్రమేనా అన్నవి రాసుకోండి.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. 1880ల నాటి లేబుల్ మీద కలకత్తా దగ్గర అని ఉంటే, కంప్యూటర్ తెచ్చి చుక్కను నగరం నడిబొడ్డున పెడుతుంది. ఆ చుక్కకు ఇరవై కిలోమీటర్ల అనిశ్చితి ఉందని పక్కన రాయకపోతే, రేపు ఎవరో దాన్ని చూసి ట్రామ్ డిపో దగ్గర మొక్క పెరిగేదని తేలుస్తారు. అందుకే ప్రతి చుక్కకూ ఒక వ్యాసార్ధం ఇవ్వండి. కుంట పేరు ఉంటే అర కిలోమీటరు, ఊరి పేరే ఉంటే అయిదు, నగరం లేదా జిల్లా పేరే ఉంటే ఇరవై, ముప్పై. విస్తృతి లెక్కలో మొదటి రెండు రకాలనే వాడండి. మూడో రకాన్ని వెతకాల్సిన చోట్ల జాబితాకు మాత్రం వాడుకోండి.

కాలాన్నీ మూడు గంపలుగా విడదీయండి: 1950కి ముందు, 1950 నుంచి 1999, 2000 తర్వాత. ఇంకా సన్నగా విడదీయాలని అనిపిస్తుంది గానీ రికార్డులు అంత ఉండవు.

మెట్టు 3: ఏ నీటిలో దిగాలో ఇంట్లోనే తేల్చుకోండి

ఆల్డ్రోవాండా కోరే నీరు ఇది: నిలకడగా ఉండాలి, వెచ్చగా ఉండాలి, లోతు తక్కువ ఉండాలి, గాలి అలలు తగలకూడదు. నత్రజని, భాస్వరం బాగా తక్కువగా ఉండాలి. ఆకులూ గడ్డీ మెల్లగా కుళ్లి దిగిన రంగుతో పల్చటి టీ డికాషన్‌లా ఉన్నా మంచిదే, దానికి అలాంటిదే ఇష్టం. మొక్కకు వేర్లు లేవు కాబట్టి గాలి తోస్తే ఒడ్డుకు కొట్టుకుపోయి ఎండిపోతుంది. కాబట్టి నడి చెరువులో ఉండదు. జమ్ము, తుంగ, రెల్లుజాతి గడ్డి పల్చగా ఉన్న అంచుల్లో, వాటి మొదళ్ల మధ్య చేట వెడల్పు జాగాల్లో ఉంటుంది. జమ్ము మరీ చిక్కబడితే నీడకు చస్తుంది, అసలు లేకపోతే గాలికి చస్తుంది.

ఈ కారణంగా శాటిలైట్ చిత్రంలో నిగనిగలాడే పెద్ద నీటి విస్తీర్ణాల్ని పక్కన పెట్టండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి జరిపి చూస్తూ మూడు ప్రశ్నలు వేయండి. ఈ అంచున గడ్డి పట్టీ ఇరవై ఏళ్లుగా నిలిచే ఉందా? చుట్టూ ఉన్నవి పొలాలా, చేపల చెరువులా, కాలనీలా? ఊరి మురుగు కాలువ ఇందులో కలుస్తోందా? మూడోదానికి జవాబు అవునైతే ఆ చోటును జాబితాలో ఆఖరికి నెట్టేయండి.

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు దొరికితే వదలొద్దు. ఇప్పుడు ఇళ్లున్న చోట అప్పుడు నీలి రంగు ఉందో లేదో అవే చెబుతాయి. కలకత్తాకు తూర్పున ఉన్న ఉప్పు జలాల మడుగుల్లో పెద్ద భాగాన్ని 1960ల నుంచి పూడ్చి కొత్త పట్టణం కట్టారు. మిగిలిన తడి నేల 2002లో రామ్‌సర్ జాబితాకు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న తడి నేలల జాబితాకు ఎక్కింది. 2002లోనే మన కొల్లేరూ ఎక్కింది. సుందర్బన్స్ 2019లో. జాబితాకెక్కితే నేల మిగులుతుంది. నీటి గుణం మిగులుతుందా అన్నది వేరే సంగతి, దానికి తర్వాతి మెట్టు.

మెట్టు 4: నీటిని కొలవండి

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక పీహెచ్ పెన్ను, ఒక థర్మామీటరు, ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) చూసే చుక్కల కిట్, నీరు ఎంత తేటగా ఉందో చూడ్డానికి నలుపు తెలుపు రంగులు వేసిన పళ్లెం. భీమవరం, ఆకివీడు వైపు ఆక్వా షాపుల్లో రొయ్యల రైతులు కొనే కిట్లే ఇవి. పీహెచ్ పెన్నును ఆరోజు పొద్దున్నే బఫర్ ద్రావణాలతో సరిచూసుకోకపోతే దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లడమే నయం, తప్పుడు అంకె కన్నా ఖాళీ గడి మేలు.

పీహెచ్ ఒక్కటే చూసి అయిదు నుంచి ఏడు మధ్య ఉంది కాబట్టి మంచిదే అనుకోవడం సగం చదువు. ఈ మొక్కకు అసలు కావలసింది నీటిలో కరిగి స్వేచ్ఛగా ఉండే కార్బన్ డయాక్సైడ్. కొన్ని నీటి మొక్కలు బైకార్బనేట్‌నీ వాడుకోగలవు, దీనికి ఆ విద్య లేదు. చెక్ దేశంలో ట్రెబోన్ దగ్గర దశాబ్దాలుగా దీని మీద పనిచేసిన లుబొమీర్ ఆడమెట్స్ పదే పదే చెప్పేది ఇదే: కార్బన్ డయాక్సైడ్ లీటరుకు సుమారు 0.1 మిల్లీమోల్‌కన్నా పైన ఉన్న నీళ్లలోనే ఇది జోరుగా పెరుగుతుంది.

దాన్ని కొలిచే పరికరం మన దగ్గర ఉండదు, లెక్క కట్టొచ్చు. కిట్ ఇచ్చే ఆల్కలినిటీ కాల్షియం కార్బనేట్ లెక్కన పీపీఎంలో ఉంటుంది. దాన్ని 50తో భాగించండి, అది మిల్లీ ఈక్వివలెంట్లు. తర్వాత పీహెచ్ లోంచి 6.35 తీసేయండి. పదిని ఆ మిగిలిన అంకె ఘాతానికి ఎత్తి, దానితో ఆల్కలినిటీని భాగించండి. 25 డిగ్రీల దగ్గర ఇది పనికొచ్చే అంచనా.

ఉదాహరణకు ఒక కుంటలో ఆల్కలినిటీ 50 పీపీఎం, అంటే 1 మిల్లీ ఈక్వివలెంట్. పీహెచ్ 7 అయితే మిగిలేది 0.65, పది ఘాతం 0.65 అంటే సుమారు 4.5. కార్బన్ డయాక్సైడ్ దాదాపు 0.22 మిల్లీమోల్. మొక్కకు సరిపోతుంది. అదే కుంటలో పీహెచ్ 8 ఉంటే 0.022కి పడిపోతుంది, పదో వంతు. అంకెల్లో తేడా ఒకటే, మొక్కకు అది తిండీ పస్తూ మధ్య తేడా. డికాషన్ రంగు బాగా ముదిరిన నీళ్లలో మాత్రం సేంద్రియామ్లాల వల్ల ఆల్కలినిటీ పరీక్ష కాస్త ఎక్కువ చూపిస్తుంది, అక్కడ ఈ లెక్కను పైకి వేసిన అంచనాగా తీసుకోండి.

అందుకే ఒక్కసారి కొలిచి వచ్చేయకూడదు. తెల్లవారక ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలవండి. రాత్రంతా అన్నీ ఊపిరి వదిలిన నీళ్లలో పొద్దున కార్బన్ డయాక్సైడ్ నిండుగా ఉంటుంది, పీహెచ్ తక్కువ ఉంటుంది. పగలు నాచూ ప్లాంక్టనూ దాన్ని లాగేసి పీహెచ్‌ను ఎక్కిస్తాయి. రొయ్యల రైతులకు ఇది కొట్టిన పిండి, ప్లాంక్టన్ ఎక్కువైన చెరువులో సాయంత్రం పీహెచ్ తొమ్మిది దాటడం వాళ్లు రోజూ చూసేదే. పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా అర పాయింటు లోపు ఉంటే ఆ నీరు ప్రశాంతంగా ఉందని నా లెక్క. ఒకటిన్నర దాటితే పోషకాలు మితిమీరినట్టే, భాస్వరం పరీక్ష చేయకముందే సగం సంగతి తెలిసిపోతుంది. ఇది నేను పెట్టుకున్న గీత, పాఠ్యపుస్తకంలోది కాదు.

భాస్వరం, నత్రజని చౌక కిట్లతో కొలవొద్దు. ఈ మొక్క ఉండే నీళ్లలో అవి ఎంత తక్కువంటే, కిట్‌లో రంగు ఏదైనా కనిపించిందంటేనే మీరు తప్పు చోట ఉన్నారని అర్థం. ఖాయం చేసుకోవాలంటే సీసాలో నమూనా పట్టి, ఐస్ డబ్బాలో పెట్టి ప్రయోగశాలకు పంపండి.

చివరగా వేళ్లతో చేసే పరీక్ష. జమ్ము మొదలును నీటిలో పట్టుకుని పైకి నిమరండి. జిగటగా పచ్చని పీచు నాచు చేతికి వస్తే రాసుకోండి. ఆల్డ్రోవాండాకు పెద్ద శత్రువు ఆ పీచు నాచే. బోనుల చుట్టూ అల్లుకుని, వెలుతురు ఆపి, మొక్కను తనతో పాటు కిందికి లాగేస్తుంది. నీటిలో ఎరువు చేరిందని మన కిట్ల కన్నా ముందు చెప్పేదీ అదే.

మెట్టు 5: కాలం చూసుకోండి

చలి దేశాల్లో శరదృతువు రాగానే ఈ మొక్క కొసన బిగుతైన మొగ్గ కడుతుంది. ట్యూరియాన్ అంటారు. మిగతా ఒళ్లంతా కుళ్లిపోతుంది, మొగ్గ అడుగుకు దిగి మంచు కింద చలికాలం గడిపి, వసంతంలో నీళ్లు వేడెక్కాక పైకి తేలుతుంది. కాబట్టి యూరప్‌లో ఏప్రిల్లో వెళ్లి లేదని రాస్తే అది అబద్ధమే, జులై, ఆగస్టుల్లో వెళ్లాలి. వెచ్చటి దేశాల మొక్కలు ఏడాది పొడవునా పెరుగుతూనే ఉండగలవు. అక్కడ ఆటంకం చలి కాదు, వరద. నిండు వర్షాకాలంలో నీరు పరుచుకుని మొక్కలు చెదిరిపోతాయి. వాన వెలిసి, నీరు తేరుకుని, ఇంకా ఎండలు ముదరని నెలలు మేలు.

పువ్వు కోసం ఎదురుచూడకండి. తెల్లగా, చిన్నగా, నీటిపైన కొన్ని గంటలే విచ్చుకుంటుంది. యూరప్‌లో విచ్చుకున్న పువ్వు కనబడ్డమే అరుదు. 1890లో టోక్యో అంచున కొయివా దగ్గర తొమితారో మకినో ఈ మొక్కను కనుక్కుని, విచ్చుకున్న పువ్వును బొమ్మ గీసినప్పుడు పశ్చిమ దేశాల శాస్త్రవేత్తలు అంత ఆసక్తి చూపడానికి కారణం అదే.

మెట్టు 6: లెక్కపెట్టండి

అర మీటరు చదరపు చట్రం ఒకటి సన్న పీవీసీ పైపుతో చేసుకోండి. మూలలు సొల్యూషన్‌తో గట్టిగా అతికిస్తే లోపల గాలి నిలిచి తేలుతుంది. ఒడ్డు నుంచి లోపలికి ఒక తాడు కట్టి, ప్రతి రెండు మీటర్లకూ చట్రాన్ని నీటి మీద వదలండి. చట్రంలో మొక్కల్ని కాదు, పెరిగే కొసల్ని లెక్కపెట్టండి, ఎందుకంటే కొమ్మలు విరిగితే ఒక మొక్క నాలుగవుతుంది. పక్కనే నీటి లోతు, జమ్ము కాడల సంఖ్య, పీచు నాచు ఉందో లేదో రాయండి. చట్రం ఖాళీ అయినా ఇవన్నీ రాయాలి. ఖాళీ చట్రాల కొలతలు లేకపోతే మొక్క దేన్ని ఇష్టపడుతోందో పోల్చి చెప్పలేం.

ప్రతి చట్రంలోంచి మూడు మొక్కల్ని నీళ్లున్న తెల్ల గిన్నెలో పెట్టి ఫొటో తీసి, వెంటనే అక్కడే వదిలేయండి. చుట్లు ఎన్ని, కొమ్మలు ఎన్ని, నల్లబడిన బోనులు ఎన్ని అన్నది ఫొటోలో తర్వాత లెక్కించుకోవచ్చు. మొక్కను గాలిలోకి ఎత్తి చూపిస్తూ సెల్ఫీ తీసుకోవద్దు. ఊరికే గుచ్చితే బోను మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకోడానికి గంటలు పడుతుంది, దానికి అదంతా దండగ ఖర్చు.

జమ్ము లోపలికి దిగేటప్పుడు మొక్కల్ని తొక్కకుండా ఒకే దారి వాడండి, పాములుంటాయి కాబట్టి కర్రతో ముందు తడుముకోండి. ఒక చెరువులో వాడిన బూట్లు, చట్రం, వల బాగా కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టకుండా ఇంకో చెరువులో పెట్టకండి. నాచూ నత్త గుడ్లూ మన బూట్ల మీదే ప్రయాణం చేస్తాయి. అభయారణ్యమైతే అటవీ శాఖ అనుమతి లేకుండా గట్టు కూడా దిగొద్దు.

మెట్టు 7: లేదు అని రాసే ముందు

ఒకసారి వెళ్లి కనిపించలేదంటే లేదని కాదు. మొక్క ఉన్న కుంటలోనే మీ అంతటి చూపున్న మనిషికి ఒక సందర్శనలో కనిపించే అవకాశం సగం అనుకుందాం. మొదటిసారి తప్పిపోయే అవకాశం 0.5, రెండుసార్లూ తప్పిపోయేది 0.25, మూడుసార్లూ 0.125, అయిదుసార్లకు సుమారు 0.03. మూడుసార్లు వేర్వేరు నెలల్లో తిరిగినా ఎనిమిదింట ఒకసారి పొరబడతారన్నమాట. మీ చూపు ఎంతన్నది తెలుసుకోవాలంటే, మొక్క ఉందని తెలిసిన చోటికి సంగతి తెలియని మిత్రుణ్ని పంపి ఎన్నిసార్లు కనుక్కుంటాడో చూడండి. మన ఊళ్లో యుట్రిక్యులేరియాతో ఈ పరీక్ష పెట్టుకోవచ్చు.

నోట్‌బుక్‌లో మూడు మాటలే వాడండి: ఉంది, కనిపించలేదు, ఆవాసమే లేదు. మూడోది కుంట పూడిపోయినప్పుడు, మురుగు గుంటగా మారినప్పుడు మాత్రమే రాయాలి.

మెట్టు 8: పోయిన చోట ఎందుకు పోయిందో విచారించండి

జపాన్ సైతామా రాష్ట్రంలో హన్యూ పట్టణం దగ్గర హోజోజి మడుగు ఉంది. ఆ దేశంలో ఈ మొక్క మిగిలిన ఆఖరి సహజ స్థావరం. 1966లో దాన్ని జాతీయ ప్రకృతి స్మారకంగా ప్రకటించారు. బోర్డు పెట్టారో లేదో, వరదలూ పొలాల మందులూ కలిసి కొద్ది కాలంలోనే మొక్క అక్కడ అంతరించింది. స్థానికులు ముందే కొన్ని మొక్కల్ని తొట్లలో పెంచుతూ ఉండబట్టి వంశం నిలిచింది. తర్వాత దశాబ్దాల పాటు వేలకొద్దీ మొక్కల్ని తెచ్చి వదులుతూనే వచ్చారు, అవి నిలవలేదు. చివరికి దొంగ దొరికింది. బయటి నుంచి వచ్చిన బుల్‌ఫ్రాగ్ కప్పల తోకకప్పలు మొక్కల్ని మేసేస్తున్నాయి. వాటిని ఏరివేశాక మొక్క మడుగులో తనంతట తాను పెరగడం మొదలెట్టింది.

దీన్నిబట్టి చూడండి, కారణం ఒకటే అనుకుని వెళ్లకూడదు. పోయిన ప్రతి చోటుకూ ఒక చిన్న విచారణ పత్రం రాయండి. నీరు పోయిందా, నీటి గుణం పోయిందా, గడ్డి అంచు పోయిందా, కొత్త మేత జంతువు వచ్చిందా? గడ్డి తినే చేపల్ని వదిలారా అని తప్పకుండా అడగండి. అడగాల్సింది ఆఫీసులో కాదు, అక్కడ వల వేసే పెద్దమనిషిని. ఏ ఏడు నీళ్లు ముదురు పచ్చగా మారాయో, గుర్రపుడెక్క ఎప్పుడొచ్చిందో, కాలువ ఎప్పుడు తవ్వారో ఆయనకు తెలిసినంత ఏ ఫైలుకూ తెలియదు.

మెట్టు 9: పటం గీయండి

ఉచితంగా దొరికే క్యూజిస్ సాఫ్ట్‌వేర్ చాలు. రెండు పటాలు, రెండు అంకెలు కావాలి. చుక్కలన్నీ లోపల పడేలా గీసిన బహుభుజి వైశాల్యం మొదటి అంకె, అది ఉనికి పరిధి. రెండు కిలోమీటర్ల పొడవు, రెండు వెడల్పు ఉండే గడుల్లో మొక్క ఉన్న గడులు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే రెండో అంకె, అది ఆక్రమిత వైశాల్యం. ఐయూసీఎన్ వాడే కొలత ఇదే. మీ ప్రాంతంలో 1950కి ముందు తొమ్మిది గడుల్లో ఉండి ఇప్పుడు మూడింట్లో ఉంటే 36 చదరపు కిలోమీటర్ల నుంచి 12కి పడింది. ఆ మూడు గడులూ పరిధికి మూడు మూలల్లో ఉన్నాయనుకోండి, మొదటి అంకె దాదాపు కదలదు. పత్రికల్లో వచ్చే పటాలు సాధారణంగా ఆ మొదటి అంకెవే.

మూడు కాలాల గంపలకూ వేరే రంగులు ఇవ్వండి. కనిపించలేదు అన్న చోట్లను బోలు వలయాలుగా తప్పనిసరిగా చూపించండి. అవి లేకపోతే మొక్క పోయిందో, మీరు వెళ్లలేదో చూసేవారికి తెలియదు. అందరికీ చూపించే పటంలో మాత్రం గడి వరకే చూపండి, కుంట ఆనవాలు ఇవ్వొద్దు. పురుగుల్ని తినే మొక్కల్ని సేకరించే పిచ్చి ప్రపంచమంతా ఉంది.

పక్షుల దారుల్ని కూడా ఒక పొరగా వేయండి. ఈ మొక్క ముక్కలు నీటి పక్షుల కాళ్లకు, ఈకలకు అంటుకుని దూరాలు వెళ్తాయన్నది బలమైన అభిప్రాయం. ఖండాలు దాటినా జన్యు వైవిధ్యం ఆశ్చర్యంగా తక్కువ ఉండటం దానికి సరిపోతుంది. కుంటకూ కుంటకూ మధ్య దూరం పెరిగేకొద్దీ పక్షి దిగే చోట మొక్కకు నచ్చే నీరు ఉండే అవకాశం తగ్గుతుంది. అందుకే ప్రతి బతికున్న చోటు నుంచి అతి దగ్గరి మరో అనువైన కుంట ఎంత దూరమో కొలిచి పట్టికలో చేర్చండి.

మెట్టు 10: మొక్క మీద చేయి వేయకండి

ఇంత చేశాక పక్క కుంటలో నీటి లెక్కలన్నీ సరిగ్గా కనిపిస్తే నాలుగు మొక్కలు తెచ్చి వదులుదామని చేతులు దురదపెడతాయి. వద్దు. చెక్ దేశంలో 1990ల నుంచి, పోలండ్‌లో అంతకు కొంచెం అటూ ఇటూగా శాస్త్రవేత్తలు ఇలా నాటారు. ఏళ్ల తరబడి నీటిని కొలిచి, పోలండ్ మొక్కల్ని తెచ్చి, అనుమతులతో నాటినా చాలాచోట్ల నిలవలేదు. ఇంకోవైపు అమెరికాను చూడండి. ఈ మొక్క అక్కడిది కాదు. అభిరుచి కొద్దీ పెంచేవాళ్లు వదిలినవి న్యూజెర్సీ, న్యూయార్క్, వర్జీనియా నీళ్లలో స్థిరపడిపోయాయి, సొంత ఇల్లు యూరప్‌లో ఖాళీ అవుతుంటే అక్కడ ఇష్టారాజ్యంగా పెరుగుతోంది. పరాయి నేల మీద అవి తినే చిన్న పురుగుల సంగతి ఏమిటని ఆ రాష్ట్రాల వాళ్లు ఇప్పుడు తల పట్టుకుంటున్నారు. మీ పటంలో అమెరికా చుక్కలు ఉంటే వాటికి వేరే గుర్తు పెట్టండి, సహజ ఉనికి లెక్కలో కలపకండి.

మన దేశంలో కొత్త చోట నిజంగా దొరికితే ముందు ఫొటోలు, తర్వాత బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకు, ఆ రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ఉత్తరం. హెర్బేరియం నమూనా కోసం వాళ్లు అడిగితే, అనుమతి కాగితం వచ్చాకే, కొసలు వందకు మించి ఉన్న చోటి నుంచి ఒకే ఒక్క కొమ్మ తీయండి. పాత నీటి లెక్కల కాగితాలు మాత్రం పారేయకండి. మళ్లీ ఏడు అదే నెలలో, అదే జమ్ము మొదలు దగ్గర, తెల్లవారకముందే పీహెచ్ పెన్ను ముంచాల్సి ఉంటుంది.